యువత మీద మదుపు: మనందరి బాధ్యత

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



"యువతపై పెట్టుబడి, సమాజం బాధ్యత" అనే అంశం మీద మాట్లాడమని సంఘం వాళ్లు అడిగారు. పెట్టుబడి అంటే మనలో చాలామందికి బ్యాంకులు, కంపెనీలు గుర్తుకొస్తాయి. కానీ మన వైపు దీనికి పాత మాట ఒకటుంది. మదుపు. చేనుకి మదుపు పెట్టాం అంటాం. పసుపు తోటకి ఈ ఏడు మదుపు ఎక్కువైంది అంటాం. మదుపు పెట్టినవాడు చేలో గింజ చల్లేసి ఇంటికొచ్చి పడుకోడు. కలుపు తీస్తాడు, మంచె కడతాడు, అడవి పంది రాకుండా రాత్రిళ్లు కాపలా కాస్తాడు. డబ్బు పెట్టడం అందులో ఒక భాగం మాత్రమే. పిల్లల విషయంలో కూడా మనం ఈ అర్థంలోనే మదుపు పెట్టాలి. ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఇదే.

మన ఇళ్లలో ఒక నియమం ఉండేది. మీలో చాలామంది చూసే ఉంటారు. పొయ్యి మీది అటకలో ఆనప బుర్ర ఒకటి వేలాడుతుండేది. అందులో వచ్చే ఏటికి చోళ్ల విత్తనం. వానాకాలంలో ఇంట్లో గింజ లేక మా అమ్మ మామిడి టెంకల పిండితో అంబలి కాచిన రోజులు నాకు గుర్తున్నాయి. మేం ఆకలని ఏడ్చినా ఆ బుర్ర మాత్రం కిందకి దించలేదు. విత్తనం తినేస్తే ఈ పూట గడుస్తుంది, వచ్చే ఏడు గడవదు. చదువు లేని మా అమ్మకి ఈ లెక్క తెలుసు. చదువుకున్న మనకి తెలుసా అన్నది నా సందేహం. ఎందుకంటే ఇవాళ మన ఊళ్లలో విత్తనం లాంటి పిల్లల్ని ఈ పూట అవసరానికి ఖర్చు పెట్టేస్తున్నాం. టెన్త్ పాసైన కుర్రాణ్ణి చెన్నైలో బిల్డింగు పనికి, పదహారేళ్లు నిండని ఆడపిల్లని పెళ్లికి.

మదుపు పెట్టడం ఎలా ఉంటుందో చెప్పడానికి రెండు చరిత్రలు గుర్తు చేస్తాను. ఒకటి ఈ కొండలది, ఇంకోటి ఆదిలాబాద్‌ది.

ఈ నెల 29న మీ బళ్లలో తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజు అది. 1863లో పుట్టారు. వాడుక భాష కోసం పోరాడారని మనం పిల్లల చేత వ్యాసాలు రాయిస్తాం. కానీ ఆయన సవరల కోసం చేసిన పని మన సవర పిల్లల్లోనే చాలామందికి తెలియదు. ఆయన పర్లాకిమిడిలో బడి పంతులు. సవరలతో మాట్లాడాలని సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బళ్లు పెట్టి, పంతుళ్లకి జీతాలు తానే ఇచ్చి, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించారు. కొండల్లో తిరిగి విషజ్వరం తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చిందంటారు. ఆయన కృషికి మెచ్చి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, అది నాకొద్దు, ఆ డబ్బుతో సవర పిల్లలకి బడి పెట్టండి అన్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. 1940లో ఆయన పోయారు. అంటే దాదాపు జీవితమంతా ఈ పని మీదే ఉన్నారు.

ఆయన మన కులస్తుడు కాదు, మన కొండవాడు కాదు. జీతం రాళ్ల మీద బతికిన పంతులు. ఆయన పెట్టిన మదుపులో డబ్బు ఉంది, ఆరోగ్యం ఉంది, అన్నిటికంటే ఎక్కువగా కాలం ఉంది. ఇవాళ మనలో ఉద్యోగస్తులు ఉన్నారు. టీచర్లు, కానిస్టేబుళ్లు, నర్సులు, సచివాలయం సిబ్బంది, నాలాంటి వార్డెన్లు. ఆయన జీతంలో పిల్లలకి ఎంత పోయింది, మన జీతంలో ఎంత పోతోంది? ఈ ప్రశ్న మీకంటే ముందు నాకు నేను వేసుకున్నాను.

రెండోది ఆదిలాబాద్ గోండుల చరిత్ర. 1940లో జోడేఘాట్ దగ్గర కుమ్రం భీమ్‌ని నిజాం పోలీసులు కాల్చి చంపారు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వానికి గోండుల కష్టం తెలుసుకోవాలనిపించి, హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుణ్ణి పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయి గూడెంలో ఉండి పనిచేశారు. 1943లో ఆ గూడెంలోనే ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. బయటి నుంచి పంతుళ్లని తేకుండా, కొద్దో గొప్పో అక్షరం తెలిసిన గోండు యువకుల్నే పోగేసి వాళ్లకి శిక్షణ ఇచ్చారు. గోండీలో వాచకాలు తయారుచేశారు. ఆ యువకులే తిరిగి తమ గూడేలకి పంతుళ్లుగా వెళ్లారు. ఆ దంపతుల సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి. గోండులు ఇప్పటికీ ఏటా అక్కడ నివాళి అర్పిస్తారు.

ఇందులో నాకు రెండు పాఠాలు కనిపిస్తాయి. ఒక మనిషి ప్రాణం పోయాక గానీ ఖజానా తలుపు తెరుచుకోలేదు. అది బాధపడాల్సిన పాఠం. యువకుల మీద పెట్టిన మదుపు ఆ యువకుడితో ఆగదు, అతని వెనక ఊరి పిల్లలందరికీ అందుతుంది. ఇది పట్టుకోవాల్సిన పాఠం.

ఇక ప్రభుత్వం సంగతి. ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను. అంటే నా జీవితమే అబద్ధమవుతుంది. నేను ఆశ్రమ పాఠశాల కంచంలో తిని పెరిగినదాన్ని. ఐదో పంచవర్ష ప్రణాళికలో గిరిజన ఉపప్రణాళిక వచ్చింది, దాంతోపాటు ఐటీడీఏలు వచ్చాయి. జనాభాలో మన వాటా ఎంతో ప్రణాళిక నిధుల్లో అంత కేటాయించాలని 2013లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం కూడా చేశారు. సవర, కువి, కొండ, కోయ, గోండీ లాంటి ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకి వాచకాలు వచ్చాయి. ఇవన్నీ ఎవరో దయతలచి ఇచ్చినవి కావు, అడిగితే వచ్చినవి. కాబట్టి అడగడం మానకండి. మా హాస్టల్లోనైనా సరే, కూరలో నీళ్లు ఎక్కువైతే అడగండి. జ్వరం వచ్చిన పిల్లని సమయానికి ఆసుపత్రికి తీసుకెళ్లారా లేదా అని అడగండి. అడిగే తల్లిదండ్రులు వస్తున్నారంటే మేం కూడా ఇంకాస్త మెలకువగా ఉంటాం.

అయితే చట్టాలకి ఒక హద్దు ఉంది. 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 ఏళ్ల నుంచి 14 ఏళ్ల వరకే వర్తిస్తుంది. మన పిల్లలు జారిపోయేది సరిగ్గా ఆ తర్వాతే. 2011 జనగణన ప్రకారం దేశం మొత్తంలో అక్షరాస్యత 73 శాతం ఉంటే, గిరిజనుల్లో 59 శాతం. గిరిజన స్త్రీలలో సగం మందికి అక్షరం రాదు. అది మీ అమ్మల తరం లెక్క. మీ తరంలో సంతకం పెట్టలేనివాళ్లు తక్కువే. టెన్త్ దాకా వచ్చి ఆగిపోయినవాళ్లే ఎక్కువ.

ఎక్కడ ఆగుతున్నారో నేను వార్డెన్‌గా ఇన్నేళ్లు దగ్గర నుంచి చూశాను. అది బడి నడిచే పది నెలల్లో కాదు. టెన్త్ పరీక్ష రాసి పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లిన రోజుకీ, ఇంటర్ కాలేజీలో చేరాల్సిన రోజుకీ మధ్య ఉన్న ఆ వేసవి సెలవుల్లో. పది నెలలు కంచం, మంచం, పుస్తకం, మందులు అన్నీ ప్రభుత్వం చూస్తుంది. ఆ సెలవుల్లో పిల్లకి ఎవరూ ఉండరు. జీడిపిక్కల కాలం, పెళ్లిళ్ల కాలం, మేస్త్రీలు అడ్వాన్సులు పట్టుకుని ఊళ్లలో తిరిగే కాలం. జూన్‌లో నేను రిజిస్టర్ తీసి ఫోన్లు చేస్తే కొన్ని నంబర్లు పలకవు.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పేరు చెప్పను. మా హాస్టల్లో ఐదేళ్లు ఉంది. లెక్కల్లో చురుకు. టెన్త్ మంచి మార్కులతో పాసైంది. టీసీ, మార్కుల జాబితా చేతిలో పెట్టి, "ఇంటర్లో చేరు తల్లీ" అని చెప్పి పంపాను. నా పని అయిపోయిందనుకున్నాను. ఆధార్ కార్డులో ఆమె పేరు ఒకలా, బడి రికార్డులో ఇంకోలా ఉంది. స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆ తేడా దగ్గర ఆగిపోయింది. వాళ్ల నాన్న రెండుసార్లు కొండ దిగి ఒక కార్యాలయానికి వెళ్లాడు. ఒకసారి సర్వర్ లేదన్నారు, ఇంకోసారి ఫలానా కాగితం తెమ్మన్నారు. వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోయింది, బస్సు ఛార్జీ పోయింది. మూడోసారి వెళ్లలేదు. ఆ అమ్మాయి బంధువులతో రొయ్యల కంపెనీ పనికి వెళ్లిపోయింది.

రెండేళ్ల తర్వాత వారపు సంతలో కనబడింది. కొండ చీపుర్లు అమ్ముతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. కోపంగా మాట్లాడుతుందేమో అనుకున్నాను. చీపుర్ల కట్ట పక్కన పెట్టి, "మేడం, ఆ పేరు తప్పు ఇప్పుడు సరిచేసుకోవచ్చా?" అని అడిగింది.

నాకు మాట రాలేదు. ఎందుకంటే అప్పుడు నాకు మా చిన్నాన్న గుర్తొచ్చాడు. నాకు డైట్‌లో సీటు వచ్చిందని ఉత్తరం వచ్చిన రోజుల్లో మా నాన్న మంచంలో ఉన్నాడు. మా చిన్నాన్న మూడు రోజులు పోడు పని మానుకున్నాడు. సంతకం రాదు, వేలిముద్రే. పట్నం ఎప్పుడూ చూడలేదు. బస్టాండులో కనబడ్డవాళ్లనల్లా "ఈ పిల్ల పంతులమ్మ సదువుకెల్లాల బాబూ, ఎటెల్లాల?" అని అడుగుతూ నన్ను చేర్చి వచ్చాడు. ఆ మూడు రోజులే ఇవాళ నన్ను ఈ మైకు ముందు నిలబెట్టాయి. చదువు లేని మనిషి నాకు ఇచ్చిన మూడు రోజులు, చదువుకుని ఉద్యోగం చేస్తున్న నేను ఆ పిల్లకి ఇవ్వలేదు. ఆ కార్యాలయాన్ని తిట్టుకోవచ్చు. తిట్టుకున్నాను కూడా. కానీ నేను అడుగు పెట్టని చోటు గురించి నేనేం మాట్లాడగలను?

తర్వాతి వారం ఇద్దరం కలిసి వెళ్లాం. పేరు సరైంది. అన్నీ కలిపి, బస్సు ఛార్జీలు, జిరాక్సులు, ఫొటోలు, మధ్యాహ్నం భోజనం, 600 రూపాయలు దాటలేదు. పట్టింది రెండు పూటలు. ఆ 600 రూపాయలు, రెండు పూటలు లేకపోవడం వల్ల ఆమె జీవితంలో రెండేళ్లు పోయాయి. ఇప్పుడు ఓపెన్ స్కూల్లో ఇంటర్‌కి ఫీజు కట్టింది. పని చేసుకుంటూ చదువుతోంది. పాసవుతుందో లేదో నాకు తెలియదు. పాసైనా ఆ రెండేళ్లు తిరిగి రావు.

సంతలో షావుకారిని చూడండి. పసుపు తవ్వకముందే, జీడి పూత మీద ఉండగానే మన చేతిలో అడ్వాన్సు పెడతాడు. మన చెట్టు మీద అతనికి అంత నమ్మకం. మన చెట్టు మీద షావుకారికి ఉన్న నమ్మకం మన పిల్లల మీద మనకి లేకపోతే ఎలా?

ఇంకో విషయం. మదుపు అంటే ఉద్యోగానికి పనికొచ్చే పిల్లల మీదే పెట్టాలని అనుకోకండి. అందరూ టీచర్లు, పోలీసులు కాలేరు. షెడ్యూల్డ్ ఏరియాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ జీవో మీద ఆశతో డీఎడ్, బీఎడ్ చదివినవాళ్లు ఈ సభలో కూడా ఉన్నారు. వాళ్ల బాధ నాకు తెలుసు. మన భాష తెలిసిన టీచరు మన బడికి కావాలన్న మాట న్యాయమైనదే, దాని కోసం చట్టబద్ధంగా అడుగుతూనే ఉండాలి. కానీ ఆ ఒక్క దారి కోసం ఊరంతా ఎదురుచూస్తూ కూర్చోకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చిన భూమిలో అనాస, జీడి, పసుపు వేసే కుర్రాడి మీద కూడా మదుపు పెట్టాలి. పచ్చి పసుపు అమ్మడం కంటే ఉడకబెట్టి, ఎండబెట్టి అమ్మితే ఎంత మిగులుతుందో లెక్క నేర్పేవాళ్లు కావాలి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివిన పిల్లాడికి పనిముట్ల సంచి కొనిచ్చేవాళ్లు కావాలి. పరిగెత్తే పిల్లకి ఒక జత బూట్లు కావాలి.

తల్లిదండ్రులకి, పెద్దలకి ఒక మనవి. పిల్ల మీద మదుపు పెట్టామని ఆ పిల్ల జీవితం మీద హక్కు రాదు. "ఇంత ఖర్చు పెట్టాం, మేం చెప్పినవాణ్ణే చేసుకో, మేం చెప్పిన చోటే ఉండు" అనడం షావుకారి పద్ధతి. మన పద్ధతి కాదు. పిల్ల తిరిగి మనకే ఇవ్వాలని లేదు. తన తర్వాతి పిల్లకి ఇస్తే మన మదుపు మనకి ముట్టినట్టే.

ఇప్పుడు సంఘం పెద్దలకి ఒక మాట. నన్ను పిలిచి గౌరవించారు, అయినా చెప్పాలి. ఈ రోజు షామియానా బాగుంది. మైకు బాగుంది. మన డప్పులు, మన థింసా చూస్తుంటే మనసు నిండింది. పండుగ ఉండాలి. కానీ ఏటా ఈ ఒక్కరోజుకి పోగుచేసే చందాలో కొంత పక్కకి తీసి వేసవి సెలవుల కోసం దాచండి. సవర, జాతాపు, గదబ, కొండదొర అన్న తేడా లేకుండా టెన్త్ రాసిన ప్రతి పిల్ల పేరు ఒక పుస్తకంలో రాయండి. ఎవరి ఆధార్ సరిగా లేదు, ఎవరికి కుల ధ్రువీకరణ కావాలి, ఎవరికి బ్యాంకు ఖాతా లేదు, పరీక్షలకి ముందే చూడండి. దాన్ని మదుపు పుస్తకం అని పిలుచుకోండి. మా హాస్టల్లో గత రెండేళ్లుగా నేను ఇలాంటి పుస్తకం ఒకటి పెట్టాను. జనవరిలోనే కాగితాలు సరిచూస్తున్నాం. సెలవుల్లో ప్రతి పిల్లకీ వారానికో ఫోను. అందరూ నిలబడ్డారని చెప్పను. కానీ జారిపోతుంటే ముందే తెలుస్తోంది. ముందే తెలిస్తే పరిగెత్తొచ్చు.

చివరగా తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు. ఇంతసేపూ సమాజం బాధ్యత అన్నాను. ఆ సమాజం ఎవరో అనుకుంటున్నారేమో. డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నావా? టెన్త్ రాసిన పిల్లకి సమాజం నువ్వే. ఇంటర్ చదువుతున్నావా? మీ గూడెంలో ఒకటో తరగతి పిల్లాడికి టీచరు చెప్పే తెలుగు అర్థం కాక గోడవైపు చూస్తూ కూర్చుంటాడు. సెలవుల్లో రోజూ ఒక గంట వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని మన భాషలో కథ చెప్పి, అదే కథ తెలుగులో చెప్పు. అది మదుపు. నీ ఫోనులో ఇంటర్నెట్ ఉంది. పక్కింటి పిల్ల దరఖాస్తు నింపి పెట్టు. ఆమెతో కలిసి ఆఫీసుకి వెళ్లు. వాళ్ల నాన్నకి అక్కడ మాట్లాడటానికి భయం. నీకు భయం లేదు. నీ చదువు వల్ల ఊరికి మొదట కలిసిరావాల్సింది ఆ ధైర్యమే.

ఒక్కొక్కరు ఇద్దరు పిల్లల్ని తీసుకోండి. ముగ్గురొద్దు, ఇద్దరు చాలు. వాళ్ల పేర్లు ఇవాళ ఇంటికెళ్లాక ఒక కాగితం మీద రాసుకోండి. వచ్చే జూన్‌లో వాళ్లు ఎక్కడున్నారో మీకు తెలిసి ఉండాలి. వచ్చే ఏడు ఇదే సభకి నేనూ వస్తాను. మార్కులు, ఉద్యోగాల సంగతి తర్వాత. మీ ఇద్దరు ఎలా ఉన్నారని అడుగుతాను.

ఆ సంతలో అమ్మాయి అడిగిన ప్రశ్న నన్ను వదలలేదు. ఏ పిల్లా రెండేళ్లు ఆలస్యంగా ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం రాకుండా చూద్దాం. అటక మీది విత్తనం బుర్రని మన అమ్మలు కాపాడినట్టు మన పిల్లల్ని కాపాడుకుందాం.

జై ఆదివాసీ!